ద్వారకా నగర్‌లో పచ్చటి స్లైడు

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికి తిరగబడకుండా కాసే కణాల మీద పరిశోధనకు 2025 వైద్య నోబెల్ వచ్చింది. దాని మీద రాయమని సంపాదకులు అడిగితే ద్వారకా నగర్‌లో ఒక రక్తపరీక్షల ల్యాబుకు వెళ్లాను. కొత్త మిషన్లన్నీ చూపించబోయారు. నేను మాత్రం ఏఎన్ఏ పరీక్ష చేస్తున్న టెక్నీషియన్ పక్కనే ఉండిపోయాను.

పలుచన చేసిన సీరం ఒక్కో చుక్క స్లైడు గుంటల్లో వేసింది. కాసేపాగి కడిగింది. మెరిసే రంగు కలిపిన యాంటీబాడీ వేసి, ఆగి, మళ్లీ కడిగింది. పనితనమంతా ఆ కడగడంలోనే ఉంది. ధార నేరుగా కణాల మీద పడకూడదు, గుంటలు ఆరిపోకూడదు. తర్వాత దీపాలార్పి మైక్రోస్కోపు ముందు కూర్చుంది. రక్తంలో సొంత కణకేంద్రకాల మీద దాడిచేసే యాంటీబాడీలుంటే స్లైడు మీది కేంద్రకాలు పచ్చగా వెలుగుతాయి. "చుక్కలు చుక్కలుగా ఉంది, చూడండి సార్" అంటూ పక్కకు జరిగింది. ఎంత ఓపికైన చేతులు!

బయట కౌంటర్ దగ్గర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన పెద్దావిడ రిపోర్టు పట్టుకుని అడుగుతోంది: "నానేటి తినకూడనిది తిన్నానని బాబూ ఇదొచ్చింది?"

"డాక్టరుగారిని అడగమ్మా" అన్నాడు కుర్రాడు.

ఆ మాటకు నాకు కోపమొచ్చింది. ఆవిడకు చెప్పదగిన జవాబుంది. అది తిండి దగ్గర కాదు, సొంత ఒంటి మీదికి తిరగబడే కణాల దగ్గర మొదలవుతుంది. రొమ్ము ఎముక వెనక థైమస్ గ్రంథి ఉంటుంది. దాని ప్రాముఖ్యాన్ని జాక్ మిల్లర్ 1961లో చూపేదాకా పనికిరాని ముక్కనుకున్నారు. ఇన్సులిన్ తయారీ క్లోమం పని. అయినా థైమస్ కణాల్లో ఎయిర్ అనే జన్యువు ఇన్సులిన్‌తో సహా వేల అవయవ ప్రొటీన్లను కొంచెం కొంచెంగా తయారు చేయిస్తుంది, పిల్లని గడప దాటించే ముందు చుట్టాలందరినీ చూపించినట్టు. వాటి మీద గట్టిగా ఎగబడే టి కణాలనే రోగనిరోధక కణాలు చాలావరకు అక్కడే చస్తాయి, కొన్ని కాపలా కణాలవుతాయి. ఎయిర్‌ను 1997లో గుర్తించారు. అది చెడితే పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథుల మీద దాడి తరచు చిన్నతనంలోనే మొదలవుతుంది.

పెద్దావిడ సంగతి అంత సూటిది కాకపోవచ్చు. ఇలాంటి జబ్బుల్లో వేరే జన్యువులు, హార్మోన్లు, ఇన్ఫెక్షన్లు కూడా కలుస్తాయి. పైగా ఏఎన్ఏ ఆరోగ్యవంతుల్లోనూ పాజిటివ్ రావచ్చు. ఆ ఒక్క ముక్కయినా రిపోర్టు కింద తెలుగులో ఎందుకు అచ్చువేయరు? స్లైడు చదివిన ఆ టెక్నీషియన్‌కే రోగితో మాట్లాడే శిక్షణా, ఐదు నిమిషాల సమయమూ ఎందుకివ్వరు? తినకూడనిదేదో తిన్నాననే అనుమానంతో ఆవిడ ఊరి బస్సెక్కాల్సిన అవసరమే లేదు.