జమ్మిచెట్టు మీది మూట

పిస్తోలు గురించి తెలుగులో రాయబోతే మొదట ఎదురయ్యే చిక్కు మాటలది. మనకు తుపాకి ఉంది, తూటా ఉంది, మందుగుండు ఉంది. దీపావళికి రీలు పెట్టి టపటపా పేల్చిన రేకు తుపాకి కూడా ఉంది. ఆపైన మిగిలిన మాటలన్నీ సినిమాలవీ, నేరవార్తలవీ. తుడిచి, నూనె రాసి, దాచుకునే ఒక పనిముట్టుగా దాన్ని గురించి మాట్లాడుకున్న అలవాటు మన ఇళ్ళలో లేదు. 1878 నాటి ఆయుధాల చట్టం, స్వాతంత్ర్యం తరువాత 1959లో వచ్చిన చట్టం కలిసి సామాన్యుడి గడపకు తుపాకిని దూరంగానే ఉంచాయి. నా పిస్తోలులో వాడే 9 మిల్లీమీటర్ల తూటా భారతదేశంలో నిషిద్ధ శ్రేణికి చెందింది. మామూలు లైసెన్సు మీద దొరకదు. నేనుండేది టెక్సస్‌లో కనుక నాకు దొరికింది.

ఇక్కడ కొనడం ఎంత సులభమో చెబితే ఊళ్ళో బంధువులు నమ్మరు. హెచ్-1బి వంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి అమ్మకూడదు. పచ్చకార్డు ఉన్నవారికీ, పౌరులకూ ఆ అడ్డు లేదు. 4473 నంబరు ఫారం నింపి, గుర్తింపు కార్డు చూపిస్తే దుకాణంవారు నేరచరిత్ర తనిఖీకి పంపుతారు. నాకు పట్టిన సమయం ఒక కాఫీ తాగినంత. పెట్టె సంచిలో వేసి చేతికిచ్చారు. కారు నడపడానికి పరీక్ష పెట్టిన రాష్ట్రం దీనికి ఏ పరీక్షా పెట్టలేదు. 2021 సెప్టెంబరు 1 నుండి అర్హత ఉన్నవారు లైసెన్సు లేకుండానే దాన్ని నడుముకు పెట్టుకుని తిరగవచ్చు కూడా. నేను తిరగను.

కొనడానికి కారణం బంగారం. మా పేటలో భారతీయుల ఇళ్ళను గుర్తుపట్టి, వాళ్ళు పెళ్ళికో గుడికో వెళ్ళిన వేళ చూసి, నగలు ఎత్తుకుపోయిన దొంగతనాలు ఒకే శీతాకాలంలో మూడు జరిగాయి. మూడో ఇల్లు మా వీధిలోనిదే. ఆ వారం రాత్రుళ్ళు చిన్న చప్పుడైనా లేచి కూర్చునేవాణ్ణి. పిస్తోలు కొంటానన్నప్పుడు నా భార్య వాదించలేదు. "దొంగ వస్తాడో రాడో మనకు తెలియదు. పిల్లవాడు మాత్రం రోజూ ఇంట్లోనే ఉంటాడు కదండీ," అంది. మా అబ్బాయికి పదహారేళ్ళు. ఆ మాటకు సమాధానం వెతుక్కోవడంలోనే నా పిస్తోలు చదువంతా సాగింది.

నేను కొన్నది గ్లాక్ 19, అయిదవ తరానిది. ఆస్ట్రియాకు చెందిన గాస్టన్ గ్లాక్ 1980ల తొలినాళ్ళలో ఆ దేశపు సైన్యం కోసం ప్లాస్టిక్ వంటి పాలిమరుతో చట్రం చేసి పిస్తోలు తయారుచేశాడు. దాన్నే కొంచెం కురుచ చేసి 1988లో తెచ్చిన నమూనా ఇది. ఖాళీగా ఉన్నప్పుడు బరువు సుమారు 670 గ్రాములు. మాగజీనులో 15 తూటాలు పడతాయి. చూడటానికి ఏ అందమూ లేదు. నల్లటి ఇటుక ముక్కకు పిడి పెట్టినట్టుంటుంది.

అందం దాని పనితీరులో ఉంది. ట్రిగ్గరు నొక్కగానే లోపలి సూది తూటా అడుగున ఉన్న ప్రైమరును పొడుస్తుంది. మందు అంటుకుని వాయువై, తూటా కొసనున్న గుండును గొట్టం వెంట ముందుకు తోస్తుంది. ముందుకు ఎంత తోపు ఉంటుందో వెనక్కీ అంతే ఉంటుందని న్యూటను మూడవ సూత్రం. ఆ వెనుదన్నును వృథా పోనీయకుండా పనిలో పెట్టుకోవడమే సెమీ ఆటోమేటిక్ కిటుకు. గొట్టమూ, దాని పైనున్న ఉక్కు స్లైడూ మొదట కొద్ది దూరం కలిసికట్టుగా వెనక్కి జరుగుతాయి. ఈలోగా గుండు బయటపడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గొట్టం వెనుక కొస కిందికి వాలి స్లైడును విడిచిపెడుతుంది. స్లైడు ఇంకా వెనక్కి పోతూ ఖాళీ ఇత్తడి తొడుగును లాగి బయటికి విసిరేస్తుంది. తిరిగి స్ప్రింగు తోపుకు ముందుకు వస్తూ మాగజీనులోంచి మరో తూటాను ఛేంబరులోకి నెడుతుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో. 1926లో కన్నుమూసిన జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ వేసిన బాట ఇది. నేటి పిస్తోళ్ళలో చాలా భాగం ఆ బాటనే నడుస్తున్నాయి. ఒక నొక్కుకు ఒకే తూటా పేలుతుంది. మరొకటి పేలాలంటే వేలు వదిలి మళ్ళీ నొక్కాలి.

ఈ క్రమం మనసుకు పడితే శుభ్రపరచడంలోని క్రమం దానంతటదే అర్థమవుతుంది. ముందు మాగజీను తీయాలి, ఆ తరువాతే స్లైడు వెనక్కి లాగాలి. వరుస తారుమారు చేసి ముందు స్లైడు లాగితే ఛేంబరులోని తూటా బయటపడుతుంది, నిజమే. కానీ స్లైడు తిరిగి ముందుకు వస్తూ మాగజీనులోంచి మరొకదాన్ని ఎక్కించుకుంటుంది. అప్పుడు మాగజీను తీసి "ఖాళీ" అనుకున్నవాడి చేతిలో ఉన్నది నిండు పిస్తోలు. అందుకని మాగజీను తీశాక, స్లైడు లాగి నిలిపి, ఛేంబరులోకి కంటితో చూసి, చీకటిలోనైనా తెలిసేటట్టు చిటికెన వేలుతో తడిమి చూడమంటారు.

గ్లాక్‌లో ఇంకొక సంగతి ఉంది. స్లైడును విడదీయాలంటే ముందుగా ట్రిగ్గరు నొక్కాలి. అంటే తుడవడానికి కూర్చున్న ప్రతిసారీ, పేల్చేటప్పుడు చేసే పనే చేయాలి. దాన్ని తప్పుపట్టేవారున్నారు. నాకు మాత్రం అది మంచి గురువులా తోచింది. ఖాళీ అని రెండుసార్లు చూసి, తూటాలను మరో గదిలో పెట్టి, గొట్టాన్ని ఇటుక గోడ వైపు తిప్పి, అప్పుడు నొక్కుతాను. టక్కుమంటుంది. ఆ తరువాత స్లైడును పిసరంత వెనక్కి లాగి, రెండు పక్కలా ఉన్న చిన్న మీటలను కిందికి దించితే మొత్తం ముందుకు జారి ఊడివస్తుంది. గొట్టాన్ని వెనుక వైపు నుండి బ్రష్షుతో తోమి, గుడ్డముక్కలు తెల్లగా వచ్చేదాకా తుడిచి, లోహం లోహంతో ఒరుసుకునే చోట్ల ఒక్కొక్క చుక్క నూనె వేయాలి. ఎక్కువ నూనె వేస్తే మసిని పట్టుకుని అదే జిడ్డవుతుంది. చివర చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఆ మసిలో సీసం ఉంటుంది.

ఇక పేల్చడం. మా ఊరి రేంజిలో ఏడు గజాల దూరాన కాగితం వేలాడదీస్తారు. చెవులకు రక్షణ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. మొదటి రోజు నేర్పినాయన తూటాల మధ్య నాకు తెలియకుండా ఉత్తుత్తి తూటా ఒకటి కలిపి ఇచ్చాడు. అది వచ్చినప్పుడు పేలుడు లేదు, తన్ను లేదు. అయినా నా మణికట్టు కిందికి వంగింది. రాబోయే చప్పుడుకు శరీరం ముందే ముడుచుకుంటుందన్నమాట. కొత్తవారందరికీ ఇదే జరుగుతుందట. కుడిచేతివాటం వారి గుళ్ళు కాగితం మీద కిందకీ ఎడమకీ పోవడానికి ఇదొక కారణం. దానికి మందు బలం కాదు, ఓపిక. ముందున్న గురి మీద చూపు నిలిపి, ట్రిగ్గరును ఎప్పుడు పేలిందో మనకే తెలియనంత నెమ్మదిగా నొక్కాలి. శనివారం పొద్దున యాభై తూటాలు కాల్చి వచ్చేసరికి వారమంతా తలలో తిరిగిన ఆఫీసు గోల ఏదీ మిగలదు. ఆ సంతోషం నిజమైనది. దాన్ని దాచి, కేవలం ఆత్మరక్షణ కోసమే ఉంచుకున్నానని రాస్తే అబద్ధమవుతుంది.

అయితే రేంజిలో గుండు ఆగేది దాన్ని ఆపడానికే కట్టిన అడ్డు దగ్గర. ఇంట్లో అలాంటిది లేదు. జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు ఇక్కడ అందరూ నేర్పుతారు: ప్రతి తుపాకీ నిండి ఉన్నట్టే చూడు, నాశనం చేయడానికి సిద్ధపడని దేని వైపూ గొట్టం తిప్పకు, గురి కుదిరేదాకా ట్రిగ్గరు మీద వేలు పెట్టకు, లక్ష్యమేమిటో, దాని వెనుక ఏముందో తెలుసుకో. నాలుగో సూత్రం పట్టుకుని ఒక సాయంత్రం ఇల్లంతా తిరిగాను. ఇక్కడి ఇళ్ళలో గది గోడలు కర్రచట్రానికి కొట్టిన జిప్సం పలకలు. 9 మిల్లీమీటర్ల గుండు అలాంటి గోడలను ఒకటి రెండు కాదు, ఇంకా ఎక్కువే దాటిపోగలదు. మా పడకగది తలుపు దగ్గర నిలబడి మెట్ల వైపు చూస్తే, ఆ వరుసలో గోడ, గోడ వెనుక మా అబ్బాయి మంచం. సాధారణమైన గుండు బరువు 115 గ్రెయినులు, అంటే సుమారు ఏడున్నర గ్రాములు. తులంలో ముప్పాతిక కన్నా తక్కువ. తులాల లెక్కన బంగారం కాపాడుకోవడానికి తెచ్చినదాన్ని ఆ తూకంలో పెట్టి చూడవలసి వచ్చింది.

మరో లెక్క ఇంకా బరువైనది. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల మరణించినవారు 48 వేలకు పైగా. అందులో 26 వేలకు పైగా ఆత్మహత్యలు. సగానికి మించి, బయటి నుండి వచ్చినవాడి వల్ల కాదు. ఒక చెడ్డ రాత్రి, అందుబాటులో ఉన్న ఒక పెట్టె. పదహారేళ్ళ వయసులో మార్కులకో, స్నేహానికో మనసు విరిగిన రాత్రులు ఎవరికి లేవు? మాకు ఆ రాత్రులను దాటించినది ధైర్యమూ వివేకమూ అనుకుంటాం గాని, చేతికందే దూరంలో ఏమీ లేకపోవడం కూడా అందులో ఉంది.

కాబట్టి ముందు బంగారం బ్యాంకు లాకరులోకి వెళ్ళింది. తలుపులకు గట్టి గడియలు, పెరట్లో దీపాలు పడ్డాయి. దొంగల విషయంలో మాకు నిద్ర ఇచ్చినవి ఇవే. పిస్తోలు గోడకు బిగించిన ఉక్కు పెట్టెలోకి వెళ్ళింది, తూటాలు వేరే తాళంలోకి. ఆ ఏర్పాటుతో అర్ధరాత్రి అది వెంటనే అక్కరకు రాదని నాకు తెలుసు. తెలిసే ఆ ధర చెల్లిస్తున్నాను. పదిహేడేళ్ళ లోపు పిల్లలకు తుపాకి అందేలా ఉంచితే టెక్సస్‌లో నేరం. కానీ చట్టం కోసం ఇది చేయలేదు. నా భార్య కూడా మాగజీను తీసి, ఛేంబరు ఖాళీ చేయడం నేర్చుకుంది. మా మధ్య ఒక ఒప్పందం ఉంది: ఇంట్లో ఎవరి మనసు బాగాలేకపోయినా, నాదైనా సరే, ఎవరూ కారణం అడగకుండా, ఆ పెట్టెలోది ఇల్లు దాటి వెళ్ళిపోవాలి.

మిగిలిన ప్రశ్న అబ్బాయికి చెప్పడమా, దాచడమా అన్నది. అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచి, శవమని చెప్పి జనాన్ని దూరంగా ఉంచారు. పరాయివారికి ఆ అబద్ధం చాలింది. కానీ ఏడాది తరువాత చెట్టెక్కి ఆ మూట విప్పింది ఉత్తరుడు. అనుభవం లేని కుర్రవాడు; శవాన్ని ముట్టుకోమంటావా అని భయపడ్డవాడు. కింద నిలబడి అదేమిటో నిజం చెప్పి, దించమన్నవాడు అర్జునుడు. చెట్టు కింద తెలిసినవాడు ఉండబట్టి ఆ మూట సవ్యంగా విప్పబడింది.

మేము చెప్పాం. పెట్టె ఎక్కడుందో చూపించాం, తెరిచే అంకెలు చెప్పలేదు. పోయిన నెలలో పిస్తోలు విడదీస్తున్నప్పుడు వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. నేను ఛేంబరు చూసి ఖాళీ అన్నాను. వాడు వంగి, తానే చూసి, "నేనూ చూశాను నాన్నా, ఖాళీ," అన్నాడు. అప్పుడు గొట్టం గోడ వైపు తిప్పి ట్రిగ్గరు నొక్కాను.