పోచారం బాతు, మా ఒడ్డు మీది కీచురాయి



సంక్రాంతికి మనవరాలు వచ్చింది. దుబాయిల ఉన్న మా పెద్దోని బిడ్డ. ఫోన్ల పెంగ్విన్‌ను చూపిచ్చి, "తాతా, ఇది మన మెదక్‌ల ఉంటదా?" అన్నది. పెంగ్విన్ లేదు గానీ చలికి భయపడని బాతు ఉందని పోచారం చెరువుకు తీస్కపోయిన. బండి మా చిన్నోడు నడిపిండు.

నీళ్ల అంచున గుంపు మేస్తున్నది. తెల్లటి తల, వెనక రెండు నల్ల పట్టీలు. బార్ హెడెడ్ గూస్ అంటరు. మంగోలియా, టిబెట్ దిక్కు గుడ్లు పెట్టి, చలికాలం హిమాలయాలు దాటి మన దిక్కు వస్తయ్. 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు పరికరాలు కట్టి కొలిచిర్రు. అంత ఎత్తుల గాలి పల్చగుంటది. ఆ కొంచెం గాలిల ఉన్న ప్రాణవాయువును దాని రక్తం గట్టిగ పట్టుకుంటది.

పొద్దుగూకినంక పొలంకాడికి పోతే ఒడ్డు బొరియల కీచురాయి అరుస్తున్నది. నోటితోని కాదు, రెక్కకు రెక్క రాసి అరుస్తది. అరిసేది మగది. చెవులు ముందటి కాళ్లకుంటయ్. బాతు లెక్క దీనికి ఒంట్ల వేడి పుట్టదు. చలైతే అరుపు మెల్లగైతది, ఉక్కపోస్తే జోరైతది. ఆడది తోక సూదిని తడిమట్టిల గుచ్చి గుడ్లు పెడ్తది. మొలకలు కొరుకుతది నిజమే, కలుపు గింజలు గూడ తింటది.

"రెండిట్ల ఏది గొప్పది?" అన్నది పిల్ల.

నేను నోరు తెరవకముందే చిన్నోడు, "బాతే బిడ్డా. దూరం పోతది గదా" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఎవరడిగినా "పెద్దోడు దుబాయిల ఉన్నడు, చిన్నోడిదేముంది, ఇంటికాడనే" అని వాని ముందరే ఎన్నిసార్లన్ననో! బాతు రెక్కలతోని చలికాలం దాటుతది. కీచురాయి ఈ మట్టినే నమ్ముకొని దాటుతది. పెద్దోడు పంపిన పైసలతోని బోరు పడ్డది. ఆ బోరు నీళ్లతోని రెండెకరాలు పండిస్తున్నది చిన్నోడు.

మొన్న సంతల ఒకాయన కొడుకుల గురించి అడిగిండు. "చిన్నోడు ఎవుసం చేస్తడు" అని ముందుగాల చెప్పిన. చిన్నోడు పక్కకే ఉన్నడు. ఏమనలే, ఎరువు బస్తా భుజాన ఏస్కొని నడిచిండు.

మీ ఇంట్ల ఎట్ల చెప్తున్నరో ఒకసారి చూస్కోండ్రి.