ఓకే నొక్కితే గానీ కదలని కథ

టెక్స్ట్ అడ్వెంచర్ ఆటలో బొమ్మలుండవు. తెర మీద నాలుగు వాక్యాలు, కింద మెరిసే కర్సరు, అంతే. "నువ్వు పాత ధాన్యం కొట్టులో ఉన్నావు. ఉత్తరాన తలుపు ఉంది" అని ఆట చెబుతుంది. "తలుపు తియ్యి" అని మనం టైప్ చేస్తాం. ఆ మాటా మాటా కలిస్తేనే ఆట. ఇలాంటివి రాయడం, వేరేవాళ్లు రాసినవి ఆడి చూసి సరిచేయించడం నా పని. ఈ పనిలో నేను పట్టుబట్టి వాదించే విషయం ఒకటుంది, పాపప్.

కొత్తగా రాసేవాళ్లకు పాపప్ మీద మహా మోజు. తాళంచెవి దొరికితే పాపప్, దెబ్బ తగిలితే పాపప్, రహస్యం బయటపడితే ఇంకో పాపప్. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. మామూలుగా రాస్తే చదవకుండా దాటేస్తారేమో, అడ్డంగా ఓ పెట్టె పెడితే చచ్చినట్టు చదువుతారు కదా అనుకుంటారు. ఆడేవాళ్ల పక్కన కూర్చుని చూస్తే జరిగేది వేరు.

గోదావరి లంకలో వరద వచ్చిన రాత్రి మీద ఒక ఆట మా దగ్గరికి పరీక్షకు వచ్చింది. ఆడే మనిషి ఏమీ చెయ్యకపోయినా అందులో నీళ్లు పెరుగుతుంటాయి. అవి గడప దాటగానే పాపప్ లేచేలా రచయిత పెట్టుకున్నాడు. ఓ కాలేజీ అమ్మాయి ఫోన్‌లో ఆడుతోంది. ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే కీబోర్డు వాటిని తెలుగులోకి మారుస్తోంది. "లాంతరు వెలి" దాకా వచ్చింది. పెట్టె లేచింది, కీబోర్డు కిందికి జారిపోయింది, సగంలో ఉన్న మాట చెదిరిపోయింది. అప్పటికే వేగం మీదున్న వేలు నేరుగా ఓకే మీద పడింది. "అక్కా, ఏదో వచ్చి పోయింది, ఏంటది?" అని నన్ను అడిగింది. ఆ రాత్రి మొత్తానికీ ముఖ్యమైన వాక్యం ఆమె కంటపడనే లేదు. పైకి జరిపి వెతికింది. పాపప్‌లో చెప్పింది పాపప్‌తోనే పోతుంది కాబట్టి పైన ఎక్కడా దొరకలేదు.

ఈ ఆటల్లో పైకి జరిపి చదువుకోవడం చిన్న సౌకర్యమేం కాదు. ఇందాక గదిలో ఏమేం ఉన్నాయి, ముసలాయన ఏమన్నాడు అని ఆడేవాళ్లు పదేపదే వెనక్కి వెళ్తారు. తెర మీద పేరుకున్న ఆ పాఠమే వాళ్ల జ్ఞాపకం. కథకు సంబంధించిన మాట ఏదైనా అందులోనే ఉండాలి. ఆ ఆటలో పెట్టె తీసేయించి, నీటి సంగతిని ఆమె వెలిగించబోయిన లాంతరుకే జోడించాం: "లాంతరు వెలిగింది. గడప ఉండాల్సిన చోట నీళ్లు మెరుస్తున్నాయి." తర్వాత ఆడినవాళ్లు అక్కడ ఆగారు. "బియ్యం డబ్బా అటకెక్కించు" అని వెంటనే కొట్టినవాళ్లూ ఉన్నారు. ఆట రాసేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

మరి కథ బయటి మాటల సంగతేమిటి? స్కోరు పెరిగింది, ఆట సేవ్ అయింది లాంటివి. బుర్రకథలో కథకుడి పక్కనున్న వంతలు మాట కలిపినా కథ ఆగదు, వినేవాళ్లకు మాత్రం ఏ గొంతు ఎవరిదో తెలుస్తూనే ఉంటుంది. మా ఆటల్లోనూ అలాగే చెయ్యొచ్చు. విల్ క్రౌథర్ 1976లో 'అడ్వెంచర్' అనే టెక్స్ట్ ఆట రాసి, మరుసటి ఏడు డాన్ వుడ్స్ దాన్ని పెంచిన తరువాత ఈ కళను వ్యాపారంగా నిలబెట్టినవాళ్లలో ముఖ్యమైనది ఇన్ఫోకామ్ సంస్థ. వాళ్ల ఆటలు చాలావాటిలో ఇలాంటి కబుర్లు చదరపు బ్రాకెట్లలో వస్తాయి. కథ చెప్పే గొంతు వేరు, ఆట నడిపే గొంతు వేరు అని తెలియడానికి ఆ రెండు గుర్తులు చాలు. నేనూ అదే పాటిస్తాను.

అలాగని పెట్టె పనికిరాదని నేననను. ఇన్ఫోకామ్‌లోనే బ్రయాన్ మొరియార్టీ 1986లో 'ట్రినిటీ' రాశాడు. అణుబాంబు చుట్టూ తిరిగే కథ అది. కొన్ని ఘట్టాల్లో తెర పైభాగాన ఒక చిన్న పెట్టెలో ఎవరిదో పాత సాహిత్యవాక్యం ప్రత్యక్షమవుతుంది. నొక్కడానికి బటను లేదు, ఆట ఆగదు. మీరు టైప్ చేస్తూ పోతే పాఠం పైకి జరిగి, అదే తొలగిపోతుంది. ఆ పద్ధతి నచ్చే కావచ్చు, 1993లో గ్రాహమ్ నెల్సన్ తయారుచేసిన ఇన్ఫార్మ్ భాషలో పెట్టె కట్టడానికి విడిగా ఒక ఆదేశమే ఉంది. అందులో నాకు బాగా ఇష్టమైన జాగ్రత్త ఒకటి. ఆడినదంతా ఫైల్లోకి ఎక్కే ట్రాన్‌స్క్రిప్ట్ నడుస్తుంటే, పెట్టెలోని మాటలు బ్రాకెట్ల మధ్య అందులోనూ పడతాయి. తెర మీద మాయమైనా రికార్డులో మిగులుతాయి. ఇలాంటి శ్రద్ధ చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తెలుగులోకి వచ్చేసరికి ఆ పెట్టె ఇబ్బంది పెడుతుంది. అక్షరాలన్నీ ఒకే వెడల్పు అనుకుని, వాటిని లెక్కపెట్టి అంచులు గీసే పద్ధతి అది. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరు లెక్కలో ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఈ లెక్కతో కుడి అంచు వరసకొక చోట తేలుతుంది. అందుకే తెలుగు ఆటలు బ్రౌజరులో నడిచేలా చేసి, వెడల్పు సంగతి ఫాంటుకూ పేజీకీ వదిలేస్తున్నాం.

బ్రౌజరులో ఇంకో ఉచ్చు ఉంది. జావాస్క్రిప్టులో ఒక్క వరస రాస్తే అలర్ట్ వచ్చేస్తుంది కాబట్టి చాలామంది అదే వాడతారు. అది పోయేదాకా పేజీలో మరేదీ నడవదు. కొన్ని బ్రౌజర్లు పెట్టె నెత్తిన సైటు చిరునామా కూడా చూపిస్తాయి. వరద రాత్రి మధ్యలో వెబ్ చిరునామా! వరసగా వస్తుంటే, ఈ పేజీ నుంచి ఇక ఇవి రానివ్వకు అని టిక్కు పెట్టుకునే వీలు ఇచ్చే బ్రౌజర్లున్నాయి. ఆ టిక్కు పడిందంటే రచయిత దాచుకున్న కీలకమైన సందేశాలు అసలు రానే రావు. ఓ సంస్థకు పిల్లల ఆట చేసిపెట్టినప్పుడు ఈ సంగతి ఎంత మొత్తుకున్నా వినలేదు, ప్రతి పాఠం చివరా అలర్టే కావాలన్నారు. అది విడుదలైన తీరు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

చూపు లేనివాళ్లు ఎంతోమంది ఇష్టంగా ఆడే ఆటలివి. స్క్రీన్ రీడరు పాఠాన్ని వరసగా చదివి వినిపిస్తుంటే వాళ్లు మనకంటే చురుగ్గా టైప్ చేస్తారు. పేజీ మీద ఊరికే గీసిన పెట్టె గురించి రీడరుకు తెలియదు, మౌనంగా ఉండిపోతుంది. పెట్టె తెరుచుకుందని దానికి తెలిసేలా గుర్తులు పెట్టాలి, ఫోకస్ పెట్టెలోకి పోవాలి, ఎస్కేప్ నొక్కితే మూసుకోవాలి, మూసుకున్నాక కర్సరు మళ్లీ టైప్ చేసే చోటికే రావాలి. నేను పరీక్షించేటప్పుడు మౌసు పక్కన పెట్టేసి ఇవన్నీ కీబోర్డుతోనే చూస్తాను.

ఇన్ని వడపోతల తర్వాత మా లంక ఆటలో మిగిలింది ఒక్క పాపప్. పాత సేవ్ మీద కొత్తది రాయబోతే అది లేస్తుంది. అక్కడ ఆపడం న్యాయం, ఎందుకంటే పోయింది మళ్లీ రాదు. దానికి ఓకే, కాన్సిల్ పెట్టలేదు. ఒక బటను మీద "పాతది చెరిపెయ్యి" అనీ, రెండోదాని మీద "వద్దు, ఉంచు" అనీ రాశాం. ఎంటర్ కొడితే రెండోదే పడుతుంది.