కారు సరే, ప్లగ్గు ఎక్కడ?

వదినా, ఓ వదినా! ఆ పైపు కాస్త పక్కన పడేసి ఇటు గోడ దగ్గరికి రండి. మీ పెద్దాడు ఎలక్ట్రిక్ కారు కొంటున్నాడటగా? పొద్దున వాకింగ్‌లో అన్నయ్యగారు మా ఆయనతో చెప్పారట. "మీ ఆవిడ కరెంటాఫీసులో చేసింది కదా, ఓ మాట కనుక్కోండి" అన్నారట కూడా. మా ఆయన సంగతి మీకు తెలిసిందే. నన్ను అడగమన్న ప్రశ్నకి అక్కడికక్కడే తనే జవాబు చెప్పేసి వచ్చారు. "దివ్యంగా కొనుక్కోమనండి, పెట్రోలు ఖర్చు తప్పుతుంది" అన్నారట. ముప్పయ్యేళ్ళు బిల్లుల సెక్షన్లో కూచున్న పెళ్ళాన్ని ఇంట్లో పెట్టుకుని అనాల్సిన మాటేనా ఇది?

అప్పుడే రంగు కూడా ఎంచేశాడా? నీలమా? బావుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ప్లగ్గు ఎక్కడుందో చూసుకోకుండా రంగు చూసుకున్నాడు.

అయ్యో, నేను వద్దంటున్నానని ఎవరన్నారు? లెక్క చెప్తాను వినండి, తర్వాత మీ ఇష్టం. మీ ఇంటి బిల్లు ఎప్పుడూ 200 యూనిట్లు దాటదు, నాకు తెలుసు. దాటితే మీరు ఊరుకోరు. 190 యూనిట్లనుకోండి. మొదటి నూరు 3 రూపాయల 40 పైసల చొప్పున, మిగతాది 4 రూపాయల 80 పైసల చొప్పున, మొత్తం 770 చిల్లర. ఇప్పుడు ఆ కారు తెచ్చి మీ పోర్టికోలో పెట్టారు. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగిందనుకుంటే, చిన్న కారైనా మీటరు మీద 160 యూనిట్ల దాకా తిరుగుతుంది. అంతా బ్యాటరీలోకే వెళ్ళదు, ఎక్కేటప్పుడు కొంత వేడికింద పోతుంది. 190కి 160 కలిస్తే 350. అసలు తమాషా ఇక్కడే. 200 దాటిందంటే పాత లెక్క రద్దు. మొదటి 200 కూడా 5 రూపాయల 10 పైసలకి మారిపోతుంది. ఆ పైన నూరు 7 రూపాయల 70 పైసలు, ఆపైన 9 రూపాయలు. మొత్తం 2,240. అంటే కారు వాటా దగ్గర దగ్గర 1,470 రూపాయలు. యూనిట్ 9 రూపాయలు దాటి పడిందన్నమాట. "కరెంటు యూనిట్ మూడున్నరే కదా" అని షోరూంలో చెప్పే కుర్రాడికి ఈ స్లాబుల సంగతి తెలియదు. తెలిసినా చెప్పడు.

అలా మొహం పెట్టకండి. అయినా లాభమే! లీటరు 107 రూపాయలు పెట్టి, ఈ ట్రాఫిక్‌లో పదిహేను కిలోమీటర్లిచ్చే పెట్రోలు కారుకి అదే వెయ్యి కిలోమీటర్లకి 7,100 పైన అవుతుంది. ఎటు చూసినా నెలకి ఐదున్నర వేలు మిగులు. నా స్లాబులు ఎంత మోటుగా మోదినా పెట్రోలు ముందు అవి పసిపిల్లలే.

మరి ధర మాటేమిటంటారా? అదీ వేసుకుందాం. అదే సైజు పెట్రోలు కారు తొమ్మిదిన్నర లక్షలు, కరెంటుది పన్నెండు లక్షలనుకోండి. పెట్రోలు కారుకి మన తెలంగాణలో లైఫ్ ట్యాక్సు 14 శాతం, అంటే లక్షా ముప్పై మూడు వేలు. కరెంటు కారుకి 2026 డిసెంబరు 31 దాకా లైఫ్ ట్యాక్సూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. 2024 నవంబరులో జీవో ఇచ్చారు కదా. ఆ మాఫీయే లేకపోతే రెండు లక్షల పైన కట్టాల్సిన కారది. అందువల్ల రెండున్నర లక్షలుగా కనబడిన తేడా లక్షా పదిహేడు వేలకి దిగింది. నెలకి ఐదున్నర వేలు మిగులుతుంటే రెండేళ్ళలోపు తీరిపోతుంది. వెయ్యి కాక ఐదొందలే తిరిగితే మూడున్నరేళ్ళు. తిరిగేవాడికే ఈ కారు కలిసొస్తుంది వదినా. ఆదివారం గుడికి వెళ్ళి వచ్చి కవరు కప్పే వాళ్ళకి కాదు.

ఢిల్లీ వాళ్ళిచ్చే సబ్సిడీయా? సొంత కార్లకి లేదు. పాత ఫేమ్-2 పథకంలో కార్లకిచ్చింది ట్యాక్సీల్లాంటి వాటికే. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్‌లోనూ సొంత కారుకి ఏమీ లేదు. ఆ పథకంలో చార్జింగ్ స్టేషన్లకి మాత్రం 2,000 కోట్లు పెట్టారు. లోను వడ్డీ మీద లక్షన్నర దాకా ఇన్‌కంట్యాక్సు మినహాయింపు ఉండేది, అది 2023 మార్చి దాకా మంజూరైన లోన్లకే. జీఎస్టీ 5 శాతమే, అది నిజం. కానీ 2025 సెప్టెంబరులో చిన్న పెట్రోలు కార్ల మీద 28 నుంచి 18కి తగ్గించారు కదా, ఆ మేరకి పెట్రోలు కారు కూడా చవకైంది. మీవాడు నిరుడు చూసిన వీడియోల లెక్కలు ఇప్పుడు పనికిరావు.

ఇదంతా ఎవరికి? మీ పోర్టికో, మీ గోడ, మీ మీటరు ఉన్న మీకు. మీ పెద్దాడు ఉండేది ఇక్కడ వనస్థలిపురంలో కాదుగా! మియాపూర్‌లో అద్దె ఫ్లాటు. ఎన్నో అంతస్తు? ఏడా? కారు సెల్లార్లో, మీటరు ఏ మూలో ప్యానల్ గదిలో. అక్కణ్ణించి వాడి పార్కింగ్ దాకా వైరు లాగాలంటే పైపు ఎవరి నెత్తిమీదుగా పోవాలి? ఓనరు ఒప్పుకోవాలి, అసోసియేషన్ ఒప్పుకోవాలి. "కామన్ మీటరు నుంచి వాడితే బిల్లు ఎవరు కడతారు" అని ఒకాయన లేస్తాడు, "సెల్లార్లో అంటుకుంటే?" అని ఇంకొకాయన. రెండూ అడగాల్సినవే. రెండింటికీ జవాబులున్నాయి. వాడి మీటరు నుంచే లైను, దానికి వేరే ఎంసీబీ, ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. కానీ ఆ జవాబులు మీటింగులో చెప్పి ఒప్పించేసరికి వాడి అద్దె అగ్రిమెంటు అయిపోతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో పార్కింగ్‌లో 20 శాతం చార్జింగుకి వీలుగా కట్టాలని 2019లోనే కేంద్రం మోడల్ నిబంధనల్లో పెట్టింది. అంతకుముందు కట్టిన వాటికి దిక్కెవరు?

బయట చార్జింగ్ పెట్టుకుంటాడా? ఆ లెక్కా విందురుగాని. స్టేషన్ వాళ్ళకి మా డిపార్ట్‌మెంటు యూనిట్ 6 రూపాయల కేటగిరీలో ఇస్తుంది. వాళ్ళు అమ్మేది 20 రూపాయల దరిదాపుల్లో, ఆ పైన 18 శాతం జీఎస్టీ. దోపిడీ అని తిట్టకండి. మెషీను లక్షల్లో ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకోవాలి, స్థలానికి అద్దె కట్టాలి, రోజంతా నాలుగు కార్లు వచ్చినా రాకపోయినా వడ్డీ ఆగదు. వెయ్యి కిలోమీటర్లకి మూడున్నర వేలవుతుంది వాడికి. పెట్రోలుతో పోలిస్తే అదీ సగమే. కాకపోతే ఆ లక్షా పదిహేడు వేలు తీరడానికి రెండేళ్ళు కాక మూడేళ్ళు. పైగా వారానికి రెండుసార్లు గంటసేపు ఎక్కడో కూచుని ఫోను చూసుకోవాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో యాప్‌లో ముందే వేసుకోవాల్సిన డబ్బు. తీరా వెళ్తే గన్ను ముందు పెట్రోలు కారు పార్కు చేసి ఎవరో సినిమాకి పోయి ఉంటారు.

మరి మీ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఇక్కడే నింపుకెళ్తాడా? వారం వారం వస్తాడు కాబట్టి సరిపోతుందేమో కూడా. బిల్లు మాత్రం మీకొస్తుంది, చెప్పలేదనకండి!

నవ్వకండి, ఇందులో ఒక అన్యాయం కూడా ఉంది. సొంతిల్లున్న వాళ్ళకి వెయ్యి కిలోమీటర్లు పదిహేనొందల్లో అవుతుంది, అద్దెకున్న వాళ్ళకి మూడున్నర వేలు. ట్యాక్సు మాఫీ ఇద్దరికీ ఒకటే, కరెంటు మాత్రం ఒకటి కాదు. ఉన్నవాళ్ళకే చవక. ఇంకా కిందికి చూడండి. మా ఇంట్లో పనిచేసే అమ్మాయికి గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది. వాళ్ళాయన కరెంటు స్కూటరు తీసుకుందామంటున్నాడు. స్కూటరు నెలకి ముప్పై నలభై యూనిట్లే తాగుతుంది, కానీ ఎండాకాలం కూలరూ అదీ తిరిగి మొత్తం 200 దాటిందో, ఆ నెల బిల్లంతా కట్టాల్సిందే. అందుకే వాళ్ళకి మీటరు చూస్తూ చార్జి పెట్టుకోమని చెప్పాను.

సోలారా? భలే అడిగారు. డాబా మీద మూడు కిలోవాట్లు పెట్టిస్తే పీఎం సూర్యఘర్ కింద 78,000 సబ్సిడీ, నెలకి మూడొందల యూనిట్లకి తక్కువ కాకుండా వస్తుంది. మీ ఇల్లూ వాడి కారూ రెండూ చాలావరకు గట్టెక్కుతాయి. కానీ అక్కడా డాబా మీదై ఉండాలి కదా!

సంక్రాంతికి మీ గుడివాడ ప్రయాణం సంగతి కూడా చెప్పేస్తాను. ఇక్కణ్ణించి మూడొందల చిల్లర కిలోమీటర్లు. కాగితం మీద మూడొందలన్న కారు, ఏసీ వేసుకుని హైవే మీద వంద స్పీడులో పోతే రెండొందలు ఇస్తే గొప్ప. మామూలు రోజుల్లో ఇబ్బందేమీ లేదు. విజయవాడ హైవే మీద హోటళ్ళ దగ్గర చార్జర్లు వచ్చాయి. సూర్యాపేటలో ఆగి టిఫిను తిని కాఫీ తాగేలోపు సగం పైన ఎక్కుతుంది. ఎనభై శాతం దాటాక మాత్రం నెమ్మదిస్తుంది. అది బ్యాటరీ తనను తాను కాపాడుకోవడం, అక్కడితో లేచి బయల్దేరడమే తెలివి. పండగ ముందురోజు వేరే కథ. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు ఎలా ఆగిపోతాయో ఏటా టీవీలో చూస్తూనే ఉన్నాంగా? పెట్రోలు బంకులో ఐదు నిమిషాలకో కారు కదులుతుంది. చార్జర్ దగ్గర ముప్పావు గంటకో కారు. ముందు ముగ్గురుంటే మీ భోగిమంట సూర్యాపేటలోనే. హైవేల మీద ప్రతి పాతిక కిలోమీటర్లకీ, ఊళ్ళలో మూడు కిలోమీటర్లు వెడల్పు మూడు కిలోమీటర్లు పొడవున్న ప్రతి గడికీ ఒక స్టేషన్ ఉండాలని 2019లోనే ఢిల్లీలో రాసుకున్నారు. స్టేషన్ పెట్టడానికి లైసెన్సు కూడా అక్కర్లేదని 2018లోనే చెప్పేశారు. ఒక స్టేషన్ ఉంటే చాలదు వదినా, పనిచేసే గన్నులు ఎన్ని ఉన్నాయన్నది లెక్క.

బ్యాటరీ పోతే ఎలా అని అన్నయ్యగారి భయమా? ఎనిమిదేళ్ళు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ చాలా కార్లకి ఇస్తున్నారు. పోయిందంటే కారు ఖరీదులో పెద్ద ముక్క పోయినట్టే కాబట్టి, ఎంత శాతానికి పడిపోతే మారుస్తారో కాగితంలో చదువుకోమనండి. బ్యాటరీ అద్దెకిచ్చే పద్ధతి కూడా వచ్చింది. ఎంజీ విండ్సర్ 2024లో వచ్చినప్పుడు బ్యాటరీ లేకుండా 9.99 లక్షలు, ఆపైన కిలోమీటరుకి మూడున్నర రూపాయల అద్దె అన్నారు. వినడానికి బావుంది. ఆ మూడున్నరకి కరెంటు రూపాయిన్నర కలిపితే ఐదు. పెట్రోలు ఏడు. మిగిలేది రెండు రూపాయలే. కొనేటప్పుడు భారం తగ్గుతుంది, తర్వాత రోజూ కట్టుకుంటూ పోవాలి.

మన ఆర్టీసీ వాళ్ళని చూడండి. 2019లోనే ఎయిర్‌పోర్టుకి నలభై ఎలక్ట్రిక్ బస్సులు వేశారు. ఎందుకు కుదిరింది? వెళ్ళే దారి తెలుసు, ఎంత దూరమో తెలుసు, తిరిగి చేరే డిపో ఉంది, డిపోలో ప్లగ్గు ఉంది. ఆ నాలుగూ ఉన్నవాడికి కరెంటు బండిని మించింది లేదు. అందులో ఆఖరిది లేకపోతే మిగతా మూడూ ఉన్నా రోజూ వెతుకులాటే.

మీ పోర్టికోలో పెట్టించాలంటే పెద్ద పనేం కాదు. 15 యాంపుల సాకెట్టు, మందం వైరు, ఒక ఎర్తింగ్ గుంత. బొగ్గూ ఉప్పూ వేసి సరిగ్గా చేయించండి, ఎర్తింగ్ బాగాలేకపోతే చాలా చార్జర్లు అసలు పనే చేయవు. ఆ సాకెట్టు మీద ముప్పై యూనిట్ల బ్యాటరీకి రాత్రంతా పడుతుంది, పడనివ్వండి. తొందరగా ఎక్కాలని ఏడు కిలోవాట్ల పెట్టె పెట్టిస్తే లోడు పెంచుకోవాలి, త్రీఫేజ్ తీసుకోవాలి, డెవలప్‌మెంటు చార్జీలు కట్టాలి. ఇంకో మాట, మే నెలలో రాత్రి తొమ్మిదింటికి మాత్రం పెట్టకండి. వీధిలో ఏసీలన్నీ ఆ వేళకే వేస్తారు. మీ కారు ఇంకో రెండు ఏసీలతో సమానం. ఫ్యూజు పోతే వీధంతా నా దగ్గరికే వస్తుంది, రిటైరయ్యానని ఎవరికీ పట్టదు. పదకొండు దాటాక పెట్టుకోండి.

అందుకని మీవాడికి ఫోను చేసి చెప్పండి. షోరూంలో డబ్బు కట్టేముందు నాలుగు పనులు చేయాలి. ఓనరు దగ్గర, అసోసియేషన్ దగ్గర లైను వేసుకోవడానికి ఒప్పుకున్నట్టు కాగితం. నెలకి నిజంగా ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాడో పాత బండి మీటరు చూసి రాసుకోవడం. ఇంటికీ ఆఫీసుకీ మధ్య రెండు చార్జింగ్ స్టేషన్లకి సాయంత్రం ఏడింటికి స్వయంగా వెళ్ళి నిలబడి చూడటం. బ్యాటరీ వారంటీ కాగితం మొత్తం చదవడం. మొదటిది దొరికితే నీలం కారే కొనుక్కోమనండి, నేనే కొబ్బరికాయ కొడతా. దొరక్కపోతే ఇంకో ఏడాది పాత బండే నడుపుకోమనండి, లేదా ప్లగ్గున్న ఫ్లాటుకి మారమనండి.

మీ మాట వినడా? అయితే సాయంత్రం ఫోను స్పీకర్లో పెట్టండి, గోడ ఇవతల నుంచి నేనే మాట్లాడతాను. బిల్లు కట్టనని వచ్చినవాళ్ళని ముప్పయ్యేళ్ళు ఒప్పించాను, మీవాడొక లెక్కా?