ఉన్నిలో వెలసిన కాశ్మీరము

కాశ్మీరమనగానే మన సోదరీమణులకు కుంకుమపువ్వును, మంచుకొండలును, దాల్ సరస్సుపై తేలు పడవయిండ్లును స్ఫురించును. వానిని గూర్చి పలువురు వ్రాసియున్నారు. మేము శ్రీనగరమున నున్న నాలుగు దినములలో చూచినవానియందు మా మనస్సున నిలిచినది మఱియొకటి: ఆ కొండలను, ఆ నీళ్లను ఉన్నితోనే చిత్రించు అచ్చటివారి చేతినేర్పు.

నగరము నడుమ జీలం నది పాఱుచున్నది. కల్హణుని రాజతరంగిణిలోని వితస్త యిదియే. దాని యొడ్డున లాల్‌మండీలో, 1898లో నెలకొల్పబడిన శ్రీ ప్రతాపసింహ వస్తుప్రదర్శనశాల కలదు. అందు పందొమ్మిదవ శతాబ్దమునాటి శాలువ యొకటి యున్నది. శ్రీనగరమంతయు దానిపై సూదిపనితో వెలసినది. మెలికలు తిరిగిన నది, దానిపై పడవలు, వంతెనలు, ఇరుదెసల ఇండ్లు, తోటలు! నదిని ఆకాశమునుండి చూచినట్లును, ఇండ్లను ఎదుట నిలిచి చూచినట్లును కుట్టినారు. త్రోవ చూపు పటమును అదియే, కన్నులపండువైన చిత్రమును అదియే. ఇట్టి శాలువయే మఱియొకటి లండనునందలి విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్నది.

గాజు వెనుకనున్న పనిని చూచిన పిమ్మట, అట్టి పని చేయు చేతులను చూడవలెనను కోరిక పుట్టెను. మఱునాడు పాతనగరములో నమదా చేయువారి యింటికి పోయితిమి.

నమదా యనగా నేయని కంబళము. మనవైపు గొల్లవారి నల్లగొఱ్ఱెల ఉన్నిని వడికి, మగ్గముపై గొంగళి నేయుదురు. నమదాకు రాట్నముతోను మగ్గముతోను పనిలేదు. ఏకిన ఉన్నిని చాపపై పొరలు పొరలుగా పఱచి, సబ్బునీళ్లు చల్లి, అదిమి, చాపతోగూడ చుట్టి, త్రాటితో బిగించి, కాళ్లతో దొర్లించుచు త్రొక్కుదురు. ఉన్నిపోగునకు కంటికి గానరాని పొలుసులుండును. తడికిని రాపిడికిని అవి యొండొంటిని పెనవేసికొని యిక విడువవు. ఉన్నిబట్టను వేడినీళ్లలో నులిమి యుతికినచో ముడుచుకొని దళసరియగుట గృహిణులకు తెలిసినదే. మనకు నష్టమైన ఆ గుణమునే వారు విద్యగా మలచుకొన్నారు. దూదికి ఆ పొలుసులు లేవు. కావున చవుకకై దూదిని ఎక్కువగా కలిపినకొలది నమదాకు బలము తఱుగును.

ఆరిన నమదాపై ఆరి యను కొక్కెపుసూదితో గొలుసుకుట్టు కుట్టుదురు. చినారు ఆకులు, పువ్వులు, పక్షులు అందు సామాన్యముగా నుండును. మేము పోయినప్పుడు ఒక యువతి తెల్లని నమదాపై సరస్సును కుట్టుచుండెను. గట్టుచెంత లేతనీలము, లోతున ముదురునీలము. గీసిన గీత యొక్కటియు లేదు. “చూచి కుట్టుటకు బొమ్మ యేదమ్మా?” యని అడిగితిమి. ఆమె కిటికీవైపు చూపి నవ్వెను. తన తల్లి ఈ పనిని ఎన్నడో మానివేసినదనియు, తాను దానిని ఇతరులయొద్ద శిక్షణలో నేర్చుకొంటిననియు హిందీలో చెప్పెను.

ఆ తల్లి మానుటకు కారణము లేకపోలేదు. ఉన్ని దొరకక, పనివారు చాలక, అమ్ముకొను ఉపాయము తెలియక, 1998కిని 2008కిని నడుమ నమదాల ఎగుమతి ఇంచుమించు పూర్తిగా నిలిచిపోయినదని ప్రభుత్వమే ప్రకటించినది. 2021లో శిక్షణ పథకమొకటి మొదలై, ఆఱు జిల్లాలలో సుమారు 2,200 మందికి ఈ విద్య నేర్పినది. 2023లో ఆ పథకమున తయారైన నమదాల తొలి సరకు బ్రిటనుకు పోయినది. తల్లినుండి కూతునకు ఒడిలో రావలసిన విద్య బడిచుట్టు తిరిగి వచ్చినది, వచ్చుటయే మేలు. కాని కొనువారు లేనిచో ఈ కూతురును రేపు సూదిని అటకపై పెట్టును.

కావున కాశ్మీరమునకు పోవు సోదరీమణులకు మా మనవి యిది. సరస్సుపై విహారమునకు ఒక పూట తగ్గించియైనను, పనివారి యింటికి పోయి చూడుడు. ఉన్ని యెంత, దూది యెంత యని అడిగి కొనుడు. బేరమాడుట మనకు వెన్నతో బెట్టిన విద్యయే గాని, ఒక్క జానెడు నీటిని కుట్టుటకు ఎంతసేపు పట్టునో ప్రక్కన గూర్చుండి చూచిన పిమ్మటనే ధర పలుకుడు. మేమట్లే చూచితిమి. ఆమె చెప్పిన ధరకే కొంటిమి.