రొయ్యల గుంట గట్టు మీద గ్రీన్ టీ

మైపాడు, ముత్తుకూరు వైపు రొయ్యల సాగు చేసేవాళ్లకు రాత్రి నిద్ర అంటూ ఉండదు. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, నీళ్లలో ఆక్సిజన్ తగ్గి తెల్లారేసరికి పంటంతా చచ్చిపోతుంది. అందుకే గట్టు మీద కాపలా. మెలకువ కోసం టీ, టీతో పాటు సిగరెట్. నా దగ్గరికి బీపీతో వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు చాలామంది.

వాళ్లలో ఒకాయన ఆ మధ్య వచ్చినప్పుడు బీపీ 180/110 ఉంది. "బిళ్ళ మానేశా సార్. గ్రీన్ టీ తాగతా ఉండా. గుండెకు మంచిదంట గదా?" అన్నాడు. ఆయన నిర్లక్ష్యం చేసిన మనిషి కాదు. సిగరెట్లు సగానికి తగ్గించాడు, రోజూ వేళకు ఆకు మరిగించుకుంటున్నాడు. అంత శ్రద్ధ ఉన్నవాడు బిళ్ళ ఒక్కటి వదిలేశాడే అని నాకు బాధేసింది.

ఆయన విన్నది అబద్ధం కాదు. జపాన్‌లోని ఒసాకి ప్రాంతంలో 1994లో మొదలుపెట్టి 40,530 మందిని ఏళ్ల తరబడి గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. రోజుకు ఐదు కప్పులు, అంతకు మించి తాగేవాళ్లలో, ఒక కప్పు కూడా తాగనివాళ్లతో పోలిస్తే గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయినవాళ్లు 26 శాతం తక్కువ. ఆడవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. అయితే అది మనుషులను గమనించి చెప్పిన మాట. వాళ్ల తిండి, అలవాట్లు కూడా అందులో కలిసి ఉంటాయి. గ్రీన్ టీ ఇచ్చి కొలిచి చూసిన పరీక్షల్లో పై బీపీ తగ్గింది సుమారు 2 పాయింట్లు. చెడు కొలెస్ట్రాల్ కూడా కాస్తే తగ్గింది. 180 ఉన్న మనిషికి ఆ రెండు ఏ మూలకు?

కానీ ఆయనకు నిజంగా కలిసొచ్చింది ఇంకోటుంది. గట్టు మీద తాగే ఒక్కో గ్లాసు టీలో రెండు చెంచాల పంచదార, అంటే ఎనిమిది గ్రాముల పైనే. రాత్రికి ఏడెనిమిది గ్లాసులంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి పెట్టిన 50 గ్రాముల హద్దు టీలోనే దాటిపోతుంది. గ్రీన్ టీకి మారాక ఆ పంచదార పోయింది. అందుకే గ్రీన్ టీ మానొద్దన్నాను, బిళ్ళ మళ్లీ మొదలుపెట్టించాను, ఉప్పుచేప తగ్గించమన్నాను. కొన్ని వారాలకు బీపీ అదుపులోకి వచ్చింది.

కోట దగ్గర్నుంచి వచ్చే ఒక అమ్మ సంగతి వేరు. చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం గుండె కవాటాన్ని పాడు చేస్తే లోహపు కవాటం అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ మందు వాడాలి. ఆ మందు ఎంత పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష లెక్క, ఐఎన్ఆర్, ఉన్నట్టుండి పడిపోయింది. ఆరా తీస్తే గ్రీన్ టీ ఆకు పొడినే నీళ్లలో కలుపుకుని తాగుతోందని తేలింది. వడకట్టిన డికాషన్‌లో విటమిన్ కె పెద్దగా ఉండదు గానీ ఆకంతా లోపలికి పోతే ఆ మందును దెబ్బతీస్తుంది. పొడి మాన్పించి, ఐఎన్ఆర్ మళ్లీ కుదురుకునేదాకా వెంటవెంటనే పరీక్షలు చేయించాం. రక్తహీనత ఉన్నవాళ్లు కూడా అన్నంతో పాటు టీ తాగకూడదు, ఇనుము ఒంటికి సరిగా పట్టదు. గంటైనా ఆగాలి.

గట్టు మీద కాపలా ఉండేవాళ్లకు నేను మరీ మరీ చెప్పేది మరొకటి. అర్ధరాత్రి ఛాతీ మీద బరువు పెట్టినట్టై చెమటలు పడితే, గ్యాసేమోలే, వేడిగా ఏదైనా తాగి చూద్దాం అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఏరియేటర్ల సంగతి పక్క గుంట వాళ్లు చూసుకుంటారు.