కాళ్ళు ఆరే చోటు

సైకిల్ తొక్కేవాళ్ళకి వాన పైనుంచి కంటే కిందనుంచే ఎక్కువ పడుతుంది. పైనుంచి వచ్చేదానికి రెయిన్‌కోట్ ఉంది. ముందు చక్రం మాత్రం రోడ్డు మీది నీళ్ళని ఎత్తి సరిగ్గా పాదాల మీదికే కొడుతుంది. ఈ సంగతి మా నాన్న పాత అట్లాస్ సైకిల్ చేసినవాళ్ళకి తెలుసు. రెండు చక్రాలకీ నిండుగా ఇనుప మడ్‌గార్డులు, ముందుదాని కొసకి వేలాడుతూ ఒక రబ్బరు ముక్క. 2021లో నేను కొన్న సైకిల్‌కి 21 గేర్లున్నాయి, మడ్‌గార్డులు లేవు. అవి విడిగా కొనుక్కోవాలి.

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్‌లో ఆఫీసుకి తొక్కుతూ వెళ్తాను. కాళ్ళు తడవకుండా ఉండటానికి ఇన్ని వానాకాలాల్లో నేను చేయని ప్రయత్నం లేదు. సాక్సు మీద పాలిథిన్ కవరు కట్టి బూటేసుకుంటే వాన లోపలికి రాదు కానీ, అరగంటలో చెమటకే సాక్సు నానిపోతుంది. వాటర్‌ప్రూఫ్ బూటుదీ ఇంచుమించు అదే కథ. ప్యాంటు అంచు నుంచి పిక్క మీదుగా నీళ్ళు ఒకసారి లోపలికి దిగాయంటే బయటికి పోయే దారుండదు, బూటు చిన్న బకెట్టయిపోతుంది. అందుకే రెయిన్ ప్యాంటు అంచు బూటు మూతి మీదికి రావాలి, పెంకుటిల్లు కప్పేటప్పుడు పై పెంకు కింది పెంకు మీదికి వచ్చినట్టు.

చలి దేశాల సైకిలిస్టులు ఊలు సాక్సులు వేసుకోమంటారు. తడిసినా కాస్త వెచ్చదనం నిలుపుతాయి, నిజమే. మన జులై వానలో బాధ చలితో కాదు, చర్మంతో. పైగా మన రోడ్ల మీద నిలిచేది వాన నీళ్ళు మాత్రమేనా? నాలా పొంగిన నీళ్ళూ అందులోనే ఉంటాయి. కాలి మీద చిన్న గీత ఉంటే చాలు, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బు లోపలికి రావడానికి.

ఒకసారి ఫోన్లో ఇదంతా చెబితే అమ్మ నవ్వింది. "తడవకుండ పోతనంటే వాన ఊకుంటదా బిడ్డా? ఇంటికొచ్చినంక మంచిగ తుడుసుకోవాలె, గంతే."

అమ్మ మిర్యాలగూడ దగ్గర పదిహేనేళ్ళు నాట్లకి పోయింది. ఆ రోజుల్లో ఆమె కాలివేళ్ళ సందులు నాని, తెల్లబడి, చీలిపోయేవి. రాత్రి అన్నాలయ్యాక కూర్చుని ఒక్కో సందూ పొడిగుడ్డతో తుడుచుకొని, పసుపు కలిపిన కొబ్బరినూనె పట్టించుకునేది. ఆషాఢంలో మైదాకు పెట్టుకునేది సింగారానికి కాదు, నీళ్ళలో నానే కాళ్ళ కోసమని ఇప్పటికీ అంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో నీళ్ళు నిలిచిన కందకాల్లో రోజుల తరబడి నిలబడి సైనికుల పాదాలు కుళ్ళిపోయేవి. ట్రెంచ్ ఫుట్ అన్నారు దాన్ని. బ్రిటిష్ సైన్యం పెట్టిన నియమమూ అమ్మ పద్ధతే: బూట్లు విప్పడం, పాదాలు తుడిచి ఆరనివ్వడం, పొడి సాక్సులు మార్చడం. నూనె మాత్రం కొబ్బరిది కాదు, తిమింగలానిది.

ఇప్పుడు నేను వానలో రబ్బరు చెప్పులతోనే తొక్కుతాను. పాదాలు తడుస్తాయి, తడవనీ అనుకుంటాను. ఆఫీసు బేస్‌మెంట్‌లో షవరు, లాకర్లు ఉన్నాయి. కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు తుడుచుకుని, లాకర్లోంచి పొడి సాక్సులు, బూట్లు తీసి వేసుకుంటాను. పది నిమిషాల పని.

మా గేటు దగ్గర సెక్యూరిటీలో ఉండే పెద్దాయన కూడా సైకిల్ మీదే వస్తాడు. ఆయనకి డ్యూటీ బూట్లతోనే తొక్కాలి, వాటితోనే పన్నెండు గంటలు నిలబడాలి. తడిసిన బూట్లలో న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, గంటకోసారి పేపరు మార్చాలని నాకు నేర్పింది ఆయనే. ఆయన ఆ పని ఇంటికెళ్ళాక రాత్రి చేసుకుంటాడు. బేస్‌మెంట్ తలుపు ఉద్యోగుల కార్డుకి తెరుచుకుంటుంది. ఆయన ఏజెన్సీ మనిషి, ఆయన కార్డుకి తెరుచుకోదు.

జూన్‌లో ఒక మెయిల్ పెట్టాను, సెక్యూరిటీ వాళ్ళ కార్డులకి కూడా ఆ తలుపు తెరవమని. పరిశీలిస్తామన్నారు. ఈలోగా ఆయన కోసం ఒక టవల్, రెండు జతల సాక్సులు తీసుకెళ్ళాను. సాక్సులు తీసుకున్నాడు. టవల్ వెనక్కిచ్చాడు.

"టవల్‌దేముంది మేడం, ఇంట్ల ఉన్నయ్. బూట్లు ఇడిసి పది నిమిషాలు కూసునే జాగ కావాలె."

నేను కొన్న కవర్లు, బూట్లు, సాక్సులు అన్నీ దారి కోసమే. పొడి కాళ్ళ సంగతి తేలేది మాత్రం దారిలో కాదు, చేరాక. పన్నెండు గంటల్లో ఒక పది నిమిషాలు, ఒక బెంచీ, తెరుచుకునే తలుపు. ఆగస్టు సగమైంది. రెండో మెయిల్‌లో ఆయన మాటే, ఆయన పేరు లేకుండా, ఉన్నదున్నట్టు రాశాను.